హైదరాబాదు నుంచి కోనసీమ మీదుగా అరకు దాకా: ఒక ప్రయాణ ప్రణాళిక, అద్దె కారు సేవపై సమీక్ష

డిసెంబరు మొదటి వారంలో నేను, నా భార్య, డెబ్భై రెండేళ్ల మా అమ్మ, ఆరో తరగతి చదువుతున్న మా అమ్మాయి కలిసి హైదరాబాదులో బయల్దేరి విజయవాడ, మచిలీపట్నం, నరసాపురం, కాకినాడ, విశాఖపట్నం మీదుగా అరకు వెళ్లి తిరిగి వచ్చాము. కారు సొంతది కాదు. సెల్ఫ్ డ్రైవ్ కారుతో పాటు ఏ రోజు ఎక్కడ బస చేయాలో, దారిలో ఏమేం చూడాలో, ఎన్నింటికి ఎక్కడ ఉండాలో రాసిచ్చి, బస గదులు కూడా ముందుగా మాట్లాడిపెట్టే సంస్థ ఒకటి హైదరాబాదులో ఉంటే, ఆ సేవను పూర్తిగా తీసుకున్నాము. సంస్థ పేరు ఇక్కడ రాయడం లేదు. ఇటువంటి సేవను ఎవరి దగ్గర తీసుకున్నా డబ్బు కట్టే ముందు ఏమేం అడిగి తెలుసుకోవాలో చెప్పడమే నా ఉద్దేశం.

ముందుగా కారు సంగతి. ఏడు సీట్ల డీజిల్ కారు ఇచ్చారు. నల్ల ప్లేటు మీద పసుపు అక్షరాలున్న బండి, అంటే చట్టప్రకారం అద్దెకు తిప్పడానికే నమోదైన బండి. ఈ ఒక్క విషయం తప్పక చూసుకోవాలి. సొంత వాడకానికి నమోదైన తెల్ల ప్లేటు కారును అద్దెకు తీసుకుని రాష్ట్రం దాటితే, ప్రమాదం జరిగిన రోజున బీమా దగ్గర చిక్కు మొదలవుతుంది. పర్మిట్, బీమా, కాలుష్య ధ్రువపత్రం అన్నీ డ్యాష్‌బోర్డులో ఒకే సంచిలో పెట్టి ఉన్నాయి. టైర్లు కొత్తవి, స్టెప్నీలో గాలి సరిగా ఉంది, జాకీ, పానా కూడా ఉన్నాయి. బండి అప్పగించేటప్పుడు చుట్టూ ఉన్న గీతలన్నిటికీ ఫొటోలు తీసి మాతో సంతకం పెట్టించుకున్నారు కాబట్టి, తిరిగి ఇచ్చిన రోజు ఎటువంటి వాదనా రాలేదు. అద్దె రోజుకు 3,400 రూపాయలు, ప్రణాళికకు, గదుల బుకింగుకు కలిపి 6,000 రూపాయలు, తిరిగి ఇచ్చే డిపాజిట్ 10,000 రూపాయలు. రోజుకు 300 కిలోమీటర్ల పరిమితి ఉంది. ఆ పరిమితిని ఏ రోజుకారోజు లెక్కిస్తారా, మొత్తం మీద లెక్కిస్తారా అని నేను ముందే అడిగి, మొత్తం మీదేనని రాయించుకున్నాను. చివరి రోజు ఒక్కరోజే 430 కిలోమీటర్లు నడిపిన మాకు ఆ ఒక్క వాక్యం వల్ల అదనపు ఖర్చు తప్పింది.

ఇక ప్రణాళిక. చూడడానికి చాలా బాగుంది. ఏడు రోజులకు ఏడు పేజీలు, ప్రతి పేజీలో దూరాలు, బస, చూడవలసిన స్థలాలు, భోజనానికి హోటళ్లు ఉన్నాయి. మొదటి రెండు రోజులు దాదాపు రాసినట్టే గడిచాయి. హైదరాబాదు నుంచి విజయవాడకు 65వ జాతీయ రహదారి మీద సుమారు 275 కిలోమీటర్లు. పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు అనే మూడు టోల్ ప్లాజాలు దాటాలి. తెల్లవారుజామున అయిదున్నరకే ఎల్బీనగర్ దాటేయమని ప్రణాళికలో రాసి ఉంది. అది మంచి సలహా, ఎందుకంటే హయత్‌నగర్ దాటేవరకు ఉండే రద్దీని బట్టే ఆ రోజంతా ఎలా గడుస్తుందో తేలిపోతుంది. సూర్యాపేటలో టిఫిను తిని, ఇబ్రహీంపట్నం దగ్గర ఎడమకు తిరిగి కొండపల్లిలో రెండు గంటలు ఆగాము. తెల్ల పొణికి కర్రను చెక్కి, ముక్కలను అతికించి, రంగులు వేసే పనిని మా అమ్మాయి ఒక ఇంటి అరుగు మీద కూర్చుని అంతసేపూ చూసింది. సాయంత్రం ప్రకాశం బ్యారేజీ దాటి ఉండవల్లి గుహలకు వెళ్లాము. కొండనే తొలిచి మలిచిన ఆ పవళించిన అనంతపద్మనాభుని ముందు మా అమ్మ చాలాసేపు నిలబడింది. రెండో రోజు మచిలీపట్నం, పెడన. పెడనలో కలంకారీ అద్దకం జరిగే చోటికి వెళ్లడానికి ముందుగా అనుమతి తీసుకుని పెట్టడం ఈ సంస్థ చేసిన మేలు. చెక్క దిమ్మెను రంగులో ముంచి గుడ్డ మీద అచ్చు వేసే మనిషి పక్కన నిలబడి చూసిన తరువాత, దుకాణంలో చీర ధర చూసే కన్ను మారుతుంది. మంగినపూడి తీరంలో ఇసుక కన్నా నల్లమట్టే ఎక్కువ, నీరు లోతు తక్కువ. పిల్లలకు కాళ్లు తడుపుకోవడానికి బాగుంటుంది గాని, విశాఖ తీరం వంటి దృశ్యాన్ని ఆశించి వెళ్లకూడదు. అక్కడి నుంచి 216వ జాతీయ రహదారి మీద, రెండు పక్కలా చేపల చెరువులూ రొయ్యల చెరువులూ చూసుకుంటూ, కొల్లేటి నీటిని సముద్రానికి చేర్చే ఉప్పుటేరును దాటి, చీకటి పడే వేళకు నరసాపురం చేరాము.

ఈ సేవలోని అసలు లోపం మూడో రోజు బయటపడింది. ప్రణాళిక ప్రకారం ఆ రోజు నరసాపురంలో ఎనిమిదింటికి బయల్దేరి, అంతర్వేది లక్ష్మీనరసింహస్వామి దర్శనం చేసుకుని, రాజోలు, అమలాపురం, యానాం మీదుగా కోరింగ మడ అడవులకు వెళ్లి, పడవ షికారు చేసి, సాయంత్రం నాలుగింటికల్లా కాకినాడ చేరాలి. మొత్తం కలిపి నూట యాభై కిలోమీటర్లు కూడా లేదు. హైదరాబాదులో కూర్చుని మ్యాపు చూసి రాసినవారికి ఇది తేలికైన రోజుగానే కనిపించి ఉంటుంది. అయితే నరసాపురానికి, సఖినేటిపల్లికి మధ్య వశిష్ఠ గోదావరి ఉంది. దాన్ని దాటించేది పంటు. మనుషులు, మోటారు సైకిళ్లు, ఆటోలు, కార్లు అన్నీ ఎక్కే ఆ పంటు ఒడ్డుకు రావాలి, దిగేవాళ్లు దిగాలి, ఎక్కేవాళ్లు ఎక్కాలి, కారుకు చోటు మిగలాలి. ఆ రోజు శనివారం కూడాను. రేవులో మా ముందు నాలుగు కార్లు ఉన్నాయి. “శనివారం కదండీ, జనం ఎక్కువండి. ఈ తడవ కాదుగాని వచ్చే తడవ ఎక్కించేస్తామండి” అని రేవులో పనిచేసే ఆయన ఎంతో మర్యాదగా చెప్పాడు. ఎనిమిదిన్నరకు రేవు చేరిన మేము అవతలి ఒడ్డున నేల మీదికి చక్రం మోపేసరికి తొమ్మిదీ ముప్పావు అయింది.

ఆ గంటంపావు వృథా అయిందని నేను అనను. నది మధ్యలో మా అమ్మ కారు దిగి, కొంగు నెత్తిమీదికి లాక్కుని గోదావరికి దండం పెట్టుకుంది. ఈ ప్రయాణంలో ఆమెకు ఎక్కువగా గుర్తుండిపోయేది అదేనని ఇప్పటికీ చెబుతుంది. ప్రణాళికలో పంటు అనే మాటే లేకపోవడం మీదనే నా ఫిర్యాదు. గోదావరికి వరద వచ్చినప్పుడు పంటు నడవదు. అప్పుడు పాలకొల్లు వైపు వెళ్లి, చించినాడ వంతెన మీదుగా దిండి చేరి, రాజోలు నుంచి వెనక్కు రావాలి. ఈ రెండు దారులనూ, దేనికి ఎంత సమయం పడుతుందో, ఎప్పుడు ఏది పనికివస్తుందో రాసి ఇవ్వడం ఆరువేలు తీసుకున్నవారి పని.

అంతర్వేదిలో దర్శనం అయ్యాక, వశిష్ఠ సముద్రంలో కలిసే అన్నాచెల్లెళ్ల గట్టు చూసి బయటపడేసరికి ఒంటిగంట. నరసాపురంలో మా గది పక్కనే దిగిన ఒక పెద్దాయన సలహా విని, అక్కడి నుంచి పెద్ద రోడ్డు వదిలి అంబాజీపేట వైపు తిరిగాము. పనస ఆకుల బుట్టల్లో ఆవిరి మీద ఉడికించే పొట్టెక్కల కోసం, అంటే ఒక రకం ఇడ్లీల కోసం వెళ్లడం అది. ప్రణాళికలో దాని ఊసు లేదు. ఆ రుచి కోసం ఆ దారి పట్టడం సరైన నిర్ణయమేనని ఇప్పటికీ అనుకుంటున్నాను. కానీ ఆ దారిలో కొబ్బరి తోటల నీడ ఎంత ఉందో, రోడ్డు మీద ధాన్యం కూడా అంత ఉంది. సార్వా, అంటే వానాకాలపు వరి, కోతలు ముగిసే రోజులు కావడంతో, పల్లె రోడ్లలో సగం వెడల్పున వడ్లు ఆరబోసి, అంచున రాళ్లు పెట్టి ఉంచారు. మిగిలిన సగంలోనే ఎదురుగా వచ్చే ట్రాక్టరుకు దారి ఇవ్వాలి. ఆ వడ్ల మీదికి చక్రం పోనివ్వకుండా నడపడం బండి నడిపేవాడి కనీస ధర్మం. అలా నడిపితే గంటకు ఇరవై కిలోమీటర్లు కూడా సాగవు. నవంబరు, డిసెంబరు నెలల్లో గోదావరి జిల్లాల పల్లెల్లో ఇలాగే ఉంటుందని అక్కడ ఎవరిని అడిగినా చెబుతారు. ఎదుర్లంక వంతెన మీద గౌతమిని దాటి యానాం చేరేసరికి అయిదు దాటింది. పుదుచ్చేరి కింద ఉన్న ఊరు కాబట్టి పన్ను తక్కువ, డీజిలు ధర కూడా ఆంధ్రప్రదేశ్ కన్నా తక్కువ. ట్యాంకు నింపుకోవడానికి యానాంలో ఆగమని ప్రణాళికలో రాసిన సలహా బాగా పనికివచ్చింది. కోరింగ చూసే వెలుతురు మాత్రం మిగలలేదు. పైగా అక్కడి కాలువల్లో పడవలు నడవడం సముద్రపు ఆటుపోట్లను బట్టి ఉంటుంది. ఆ మాట కూడా ప్రణాళికలో లేదు.

ఈ ఒక్క రోజు గురించి ఇంత రాయడానికి కారణముంది. నగరం నుంచి నగరానికి పోయే పెద్ద రహదారి మీద కిలోమీటర్లను బట్టి సమయం చెప్పవచ్చు. నదీముఖాల దగ్గరికి, పల్లెల్లోకి, కొండల్లోకి వచ్చేసరికి ఆ లెక్క పనికిరాదు. రేవు, గుడి తలుపులు మూసే వేళ, కోతల కాలం, ఆటుపోట్లు, పొద్దు కుంకే సమయం, వీటిని బట్టే రోజు నడుస్తుంది. ఈ సంస్థ ప్రణాళికలో ప్రతి రెండు చోట్ల మధ్య దూరం ఉంది గాని, ఈ అయిదింటిలో ఒక్కటీ లేదు. వెళ్లిన నెలను బట్టి మారవలసిన విషయాలను ఏ నెలకైనా ఒకే విధంగా అచ్చువేసి ఇస్తున్నారని నాకు అనిపించింది. దానికి పెద్ద నిదర్శనం మూడో రోజు పేజీలోనే ఉంది. మధ్యాహ్న భోజనానికి పులస పులుసు తినమని రాశారు. పులస వరద గోదావరికి ఎదురీదే చేప. వరద నీళ్లు వచ్చే రోజుల్లోనే దొరుకుతుంది. డిసెంబరులో పులస అని చెప్పి ఎవరైనా వడ్డిస్తే అది పులస కాదు. గోదావరి జిల్లాలో పుట్టిన పిల్లవాడికి తెలిసిన ఈ సంగతి ప్రణాళిక రాసేవారికి తెలియకపోతే, మిగిలిన సలహాలను ఏ ధైర్యంతో నమ్మాలి?

నాలుగో రోజున కాకినాడ నుంచి ఉప్పాడ దాకా సముద్రం ఒడ్డునే సాగే రోడ్డు మీద వెళ్లమని రాసి ఉంది. ఆ తీరంలో సముద్రం ఏళ్ల తరబడి నేలను కోసుకుపోతూ వస్తోంది. తుపాను వచ్చినప్పుడల్లా ఆ రోడ్డు దెబ్బతింటుంది, మరమ్మతులు అయ్యేవరకు మూసేస్తారు. ఈసారి బయల్దేరే ముందే సంస్థకు ఫోన్ చేసి అడిగాను. ఫోన్‌లో మాట్లాడే అమ్మాయి గురించి ఇక్కడ తప్పక చెప్పాలి. “పది నిమిషాలు టైమివ్వండి సార్, కనుక్కుని చెప్తాను” అని, కాకినాడలో ఎవరినో విచారించి, ఆ రోడ్డు మీద బండ్లను పోనివ్వడం లేదని, పిఠాపురం మీదుగా వెళ్లమని చెప్పింది. ఉప్పాడ జాందానీ నేత చూడాలంటే పిఠాపురం నుంచి కూడా కొత్తపల్లి వెళ్లవచ్చని కూడా తనే గుర్తుచేసింది. 2009లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆ నేతను మగ్గం దగ్గర చూడగలిగామంటే అది ఆ అమ్మాయి చలవే. ఆ తరువాత అన్నవరంలో రత్నగిరి ఎక్కి, ఆకు పొట్లంలో కట్టిన గోధుమనూక ప్రసాదం తీసుకుని, 16వ జాతీయ రహదారి మీద రాత్రి ఏడున్నరకు విశాఖ చేరాము. ఆదివారం కావడంతో అన్నవరంలో వ్రతాల రద్దీ బాగా ఉంది. పెద్దవాళ్లతో వెళ్లేవారు వీలైతే మరో రోజు పెట్టుకోవాలి.

అయిదో రోజు సోమవారం. ప్రణాళికలో ఆ ఉదయం కురుసుర జలాంతర్గామి చూడమని ఉంది. సోమవారం ఆ మ్యూజియానికి సెలవు. మూడు దశాబ్దాలు నౌకాదళంలో సేవ చేసి, 2002లో విశాఖ తీరాన మ్యూజియంగా మారిన ఆ జలాంతర్గామి లోపలికి వెళ్లడం కోసమే మా అమ్మాయి ఈ ప్రయాణానికి రోజులు లెక్కపెట్టుకుంది. తలుపు దగ్గర దాని ముఖం చూసినప్పుడు నాకు కలిగిన బాధను ఈ సమీక్షలో నెమ్మదైన మాటల్లో రాయడం కష్టంగా ఉంది. మేము గురువారం బయల్దేరుతున్నామని సంస్థకు నెల ముందు నుంచి తెలుసు. అయిదో రోజు సోమవారం అవుతుందని వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ఆ రోజు భీమిలి దాకా తీరం రోడ్డు మీద వెళ్లి, తొట్లకొండ బౌద్ధారామం, భీమిలిలోని డచ్చివారి సమాధులు చూసి వచ్చాము. ఆ రోడ్డు చాలా బాగుంది, దాని గురించి చెప్పవలసిన ఫిర్యాదు ఏమీ లేదు.

ఆరో రోజున అరకు వెళ్లి, బొర్రా గుహలు, కటికి జలపాతం, గిరిజన మ్యూజియం, పద్మాపురం తోట, చాపరాయి చూసుకుని అదే రాత్రి విశాఖ తిరిగి రావాలని, మర్నాడు ఒక్కరోజులో విశాఖ నుంచి హైదరాబాదుకు 620 కిలోమీటర్లు నడపాలని రాసి ఉంది. ఈ రెండు పేజీలనూ మేము పాటించలేదు, పాటించకపోవడమే మంచిదైంది. విశాఖ నుంచి అరకుకు 115 కిలోమీటర్లే అయినా, శృంగవరపుకోట దాటి ఘాట్ ఎక్కాక మలుపుల వల్ల మూడున్నర, నాలుగు గంటలు పడుతుంది. డిసెంబరులో అక్కడ అయిదున్నరకే పొద్దు కుంకుతుంది, ఆ వెంటనే మంచు దిగుతుంది. కటికి జలపాతానికి మన కారు పోదు, అక్కడి జీపు మాట్లాడుకోవాలి, దానికే పూట గడుస్తుంది. ఇవన్నీ చూసి చీకట్లో ఆ మలుపుల్లో దిగి రమ్మనడం సరదా ప్రయాణానికి రాయవలసిన మాట కాదు. సంస్థకు ఫోన్ చేసి ఒక రోజు పొడిగించమని అడిగాను. అదనపు రోజుకు మామూలు అద్దె 3,400 రూపాయలు తప్ప ఇంకేమీ తీసుకోకుండా పొడిగించారు, అరకులో గది కూడా గంటలో చూసిపెట్టారు. కాఫీ తోటల్లో పళ్లు కోస్తున్నారు, లోయలో వలిసె పూలు పసుపుపచ్చగా విరిసి ఉన్నాయి. బొర్రా గుహలు, గిరిజన మ్యూజియం తీరికగా చూసి, మిగిలినవి వదిలేశాము. ఘాట్‌లో అమ్మను ముందు సీట్లో కూర్చోబెట్టి నెమ్మదిగా నడిపితే ఆమెకు వాంతి కూడా కాలేదు.

దిగేటప్పుడు మళ్లీ ఆ ఫోన్ అమ్మాయి సలహాయే దారి చూపింది. శృంగవరపుకోట నుంచి కొత్తవలస మీదుగా పెందుర్తి చేరి, అక్కడ ఆరు వరుసల బైపాస్ పట్టుకుంటే విశాఖ నగరంలోకి దిగకుండానే అనకాపల్లి చేరవచ్చని చెప్పింది. ఆ రాత్రి రాజమహేంద్రవరంలో ఆగి, ఉదయాన్నే ధవళేశ్వరం ఆనకట్ట చూసి, ఆర్థర్ కాటన్ మ్యూజియంలో గంట గడిపి, హైదరాబాదు చేరాము. మొత్తం తిరిగింది 1,760 కిలోమీటర్లు.

టోల్ లెక్క గురించి కూడా చెప్పాలి. కారుకు ఉన్న ఫాస్టాగ్ సంస్థది కాబట్టి, ప్లాజాల దగ్గర పోయిన సొమ్మును డిపాజిట్ నుంచి తరువాత మినహాయించుకుంటారు. మొదట పంపిన లెక్కలో మొత్తం ఒక్కటే ఉంది, వివరం లేదు. జాబితా అడిగితే రెండు రోజులకు పంపారు. అందులో ఒక ప్లాజా రుసుము ఒకే రోజు రెండుసార్లు పడింది. చూపించిన వెంటనే ఆ డబ్బు తిరిగి వేశారు, అయినా జాబితాను అడగకుండానే పంపడం వారి బాధ్యత. 2025 ఆగస్టు 15న 3,000 రూపాయల ధరతో మొదలైన, 200 ట్రిప్పులు తిరగనిచ్చే వార్షిక పాస్ ఉంది కదా, అది వాడుకోవచ్చు కదా అని కొందరు మిత్రులు అడిగారు. ఆ పాస్ వాణిజ్య అవసరాలకు కాని సొంత వాహనాలకే వర్తిస్తుంది. అద్దె కారులో వెళ్లేవారు టోల్ ఖర్చును పూర్తిగా లెక్కలో వేసుకోవాలి.

కారు కోసం, ఫోన్‌లో అందిన సహాయం కోసం ఈ సంస్థ దగ్గరికి మళ్లీ వెళతాను. ప్రణాళిక కోసం అయితే, ప్రతి పేజీలో దూరం పక్కన సమయం, సెలవు రోజు, ఆ నెలకు సంబంధించిన జాగ్రత్త రాసి ఇస్తేనే ఆ ఆరువేలు కడతాను. తిరిగి వచ్చాక నేను చూసిన తప్పులన్నీ రోజువారీగా రాసి వారికి పంపాను. జనవరిలో ఇదే దారిన వెళ్లిన మా బావగారికి ఇచ్చిన ప్రణాళికలో నరసాపురం పంటుకు గంటన్నర కేటాయించారు, చించినాడ దారి కూడా రాశారు, అరకులో రాత్రి బస పెట్టారు, కురుసురకు సోమవారం సెలవని ఎర్ర అక్షరాల్లో వేశారు. పులస మాత్రం ఇంకా ఆ పేజీలోనే ఉంది. దాన్ని తీసేయమని వారికి మళ్లీ రాశాను.